ముందు నడిచేవాడు

తుండుప్ కర్రతో మంచును ఒకసారి కొట్టి, ఆగి, రెండడుగులు వేసి మళ్ళీ కొట్టాడు. గడ్డకట్టిన జాంస్కర్ నది మీద ముప్పై చలికాలాలుగా ముందు నడిచేవాడు అతనే. మంచు గట్టిదైతే కంచులా మోగుతుంది. అడుగున నీళ్ళు తినేసి ఉంటే గుల్లగా పలుకుతుంది. ఆ తేడా తెలిసినవాడి వెనక ఎవరైనా నిశ్చింతగా నడవొచ్చు.

తుండుప్‌కి ఆ తేడా వినిపించక ఏడాదయింది.

పొట్టి మనిషి. ఎండకూ మంచుకూ మాడి బుగ్గలు పాత తోలులా నల్లబడ్డాయి. రబ్బరు బూట్లలో గడ్డి కుక్కుకున్నాడు. కుడిచేతికి మాత్రం గ్లౌజు లేదు. గట్టి మంచును కొడితే కర్ర మణికట్టు దాకా అదురుతుంది, గుల్లదైతే అదరదు. చెవులు మానేసిన పని అరచేతికి అప్పజెప్పాడు. అది పగిలి కర్రకు అంటుకుంటోంది.

వెనక పూణే నుంచి వచ్చిన ముగ్గురు. వాళ్ళ వెనక సామాను బండి ఈడుస్తూ అతని బావమరిది అంగ్చుక్.

"బావా! గ్లౌజు పొయ్యిలో పెట్టావా? అక్క చూసిందంటే నీ చెయ్యి కూడా పెడుతుంది!"

"ఆ, మధ్యాహ్నానికి చేరతాం" అన్నాడు తుండుప్, వెనక్కి చూడకుండా.

పూణే వాళ్ళు నవ్వారు. అంగ్చుక్ నవ్వలేదు.

కొండ నదిని నొక్కేసిన చోట మంచు సన్నటి అరుగులా మిగిలింది. తుండుప్ కొట్టాడు. చేతికేమీ తెలియలేదు. మళ్ళీ కొట్టాడు. మంచు గుల్లదో, చెయ్యే మొద్దుబారిందో. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. రాతి అంచు పట్టుకుని తను దాటి, రమ్మని చెయ్యి ఊపాడు.

"ఆగు బావా! అది గుల్ల!"

అరుపు కొండలకు తగిలి తిరిగొచ్చింది. తుండుప్ నడుస్తూనే ఉన్నాడు. అంగ్చుక్ విసిరిన మంచుగడ్డ వీపుకు తగిలాక తిరిగి చూశాడు. అప్పటికే ముగ్గురిలో ఉన్న ఒక్క ఆడపిల్లా తొడల దాకా నీళ్ళలో దిగిపోయింది. అంగ్చుక్ బోర్లా పడుకుని ఆమె సంచి పట్టి లాగుతున్నాడు.

ఆమెను పైకి లాగాక, అరుగుకు ఇవతలి ఒడ్డునున్న గుహలో పుల్లలు రాజేశారు. ఆ పిల్ల పాదాలను తుండుప్ తన చొక్కా లోపల పొట్టకు ఆనించుకుని, ఎరుపు తిరిగేదాకా కదలకుండా కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అంగ్చుక్ ఎదురుగా కూర్చుని, గొంతు తియ్యకుండా పెదాలతోనే అడిగాడు.

"పోయిన చలికాలం నుంచి."

"అక్కకి తెలీదా?"

"మీ అక్క మామూలుగానే అరుస్తుంది కదరా. తెలియాల్సిన పని పడలేదు."

అంగ్చుక్ నవ్వబోయి ఆగిపోయాడు. "రేపట్నుంచి బండి నువ్వు లాగు బావా. ముందు నేను నడుస్తా."

తుండుప్ ఉప్పు టీ చివరి గుక్క దాకా తాగాడు. గిన్నెను మంచుతో రుద్ది బోర్లించాడు.

ఆ పిల్ల మేజోళ్ళు ఆరేసరికి అతను లేడు. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. ఎగువకు, ఊరి వైపు, పొద్దున వచ్చిన దారినే రబ్బరు బూట్ల గుర్తులు. వాటి పక్కన కర్ర పోట్లు లేవు. పిలవడానికి అంగ్చుక్ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మళ్ళీ దించేశాడు.

కర్ర గుహ మొగలో నిలబెట్టి ఉంది. పట్టి పట్టి నున్నబడిన చోట అరచేతి చర్మం పొర ఒకటి ఇంకా అంటుకునే ఉంది.