నీడ మీద నిలిచిన గోడ

బుజాక్ అనే ఈ గడ్డి బయళ్లలో తొలి గడ్డపార దింపినవాడని మా ముత్తాత వెల్చోను ఊరంతా పొగుడుతుంది. నేను పొగడను. ఆయన కట్టిన ఇంట్లోనే పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలుసు.

దాన్యూబ్ నది దాటి వచ్చిన మొదటి ఏడు వాళ్లు నేలలో తవ్విన గోతిలో తలదాచుకున్నారు. ఆ చలికాలపు చెమ్మకు చంటిపిల్ల పోయింది. రెండో ఏడు మట్టిగోడలు మూడుసార్లు లేపితే మూడుసార్లూ తూర్పు మూలే కూలింది. మంచు పడడానికి నెల కూడా లేదు. ఇంట్లో ఇంకా ఇద్దరు పిల్లలున్నారు.

"దీనికి నీడ కావాలి వెల్చో," అన్నాడు మేస్త్రీ నెయ్కో.

మా మేస్త్రీల పద్ధతి అది. ఒక మనిషి నీడను చాటుగా దారంతో కొలిచి, ఆ దారాన్ని పునాదిలో పెడతారు. గోడ నిలుస్తుంది. ఆ నీడ ఎవరిదో ఆ మనిషి నలభై రోజుల్లో చనిపోయి, దయ్యమై ఆ ఇంటినే అంటిపెట్టుకుంటాడు.

"ఎవరిది పెడతావ్?"

"నీ పిల్లలది కాదులే. ఎవడో దారినపోయేవాడిది."

మర్నాడు పొద్దున్నే సూదులూ దువ్వెనలూ అమ్ముకునే సావా వచ్చాడు. ముత్తాత ఆయన్ని గోడ పక్కన నిలబెట్టి, ఒక దువ్వెనకు గంటసేపు బేరమాడాడు. ఆ బేరం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వెనక నెయ్కో గోడ కొలుస్తున్నట్టు వంగి దారం పరిచాడు.

గోడ నిలిచింది, పైన కప్పూ వేశారు. ఇరవయ్యో రోజున సావా దగ్గుకుంటూ తిరిగొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఏమీ తెలియని ముత్తవ్వ ద్రాగ్నా పొయ్యి పక్కన పక్క వేసి, మొక్కజొన్న జావ కాచి పోసింది. పిల్లలు ఆయన్ని వదల్లేదు.

దారం తీసేస్తే సావా బతుకుతాడు, గోడ కూలుతుంది, పిల్లలు మళ్లీ గోతిలోకి పోవాలి. రోజూ ముత్తాత గడ్డపార పట్టుకుని మూలదాకా వెళ్లి తిరిగొచ్చేవాడు.

"ఏం పాతిపెట్టావయ్యా అక్కడ?" అని ముత్తవ్వ ఎగతాళి చేసింది.

"ఎలక కన్నం."

ముప్పైతొమ్మిదో రోజు మధ్యాహ్నం, మంచు కురుస్తుండగా, తెగించి గడ్డపార ఎత్తాడు.

"వెల్చో తమ్ముడూ, అది అక్కడ పెట్టి ఇలా రా," అని లోపల్నుంచి సావా పిలిచాడు. పక్క మీదున్న మనిషికి గోడ అవతల సంగతి ఎలా తెలిసిందో ఎవరూ చెప్పలేకపోయారు.

ముత్తాత గడ్డపార వదిలి వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు దారం చూశాను. నేనూ మేస్త్రీ కొడుకునే," అన్నాడు సావా.

"మరి చూసీ ఎందుకు నిలబడ్డావన్నా?"

"అరవై ఏళ్లు ఊళ్లు పట్టుకు తిరిగాను. ఏనాడూ సొంత కప్పు కింద పడుకోలేదు." సావా పొయ్యినీ పిల్లలనీ తీరిగ్గా చూసుకున్నాడు. "రేపట్నుంచి ఈ ఇల్లు నాది. మీరు ఉండండి. వెళ్లిపోతామంటే మాత్రం నేనొప్పుకోను."

మర్నాడు ఆయన పోయాడు.

నాకిప్పుడు డెబ్బై ఏళ్లు. ఈ ఇల్లు వదిలి పోదామని రెండుసార్లు మూట కట్టుకున్నాను. రెండుసార్లూ గుమ్మందాకానే వెళ్లగలిగాను.