వంతుల బోర్డు ఆగిన వారం

పదీ ఇరవైకి బోర్డు మళ్లీ ఆగింది. గోవిందరావు తెర వైపు కాదు, ముందు ఎదుటి కుర్చీ వైపు చూశాడు. కుర్చీ ఖాళీ. సౌమ్య ఫోను పట్టుకుని వరండాలో నిలబడి ఉంది. అనుకున్నంతా అయింది. జేబులోంచి చిన్న డైరీ తీసి, ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని టైము రాసుకున్నాడు.

గదిలో మరో మనిషి లేడు. అయినా చెయ్యి అడ్డం పెట్టాల్సిందే. ఇరవై రెండేళ్ల కిందట రైల్వే పరీక్షలో పక్క బెంచీలో కూర్చున్న బంగార్రాజు ఇతని పేపరు చూసి రాసి పాసైపోయాడు. ఇతను ఫెయిలయ్యాడు. అదెలా జరిగిందో ఇవాళ్టికీ ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత మరో మూడుసార్లు రాశాడు. ఉద్యోగమైతే రాలేదు గానీ, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాత్రం ఒంటికి పట్టేసింది.

మనిషి పొట్టి. నుదుటి మీద జుట్టు ఎప్పుడో సెలవు తీసుకుంది. కళ్లద్దాల కాడ ఊడిపోతుంటే నల్లదారం చుట్టి రెండేళ్లయింది. తండ్రి పలాస నుంచి వచ్చి లోకో షెడ్డులో కలాసీగా చేరి, ఫిట్టరై రిటైరయ్యాడు. ఆయన రిటైరవగానే క్వార్టరు ఖాళీ చేసి, అర్పా నది దాటి సర్కండాలో రెండు గదుల్లోకి మారారు. గోవిందరావు టైపు నేర్చుకుని, పెళ్లిపత్రికలు కంపోజ్ చేసి, చూసి చూసి ప్రోగ్రాములు రాయడం పట్టుకున్నాడు. నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. అందుకేనేమో ఎవరి మీదా నమ్మకమూ లేదు. పాలవాడు ఎదురుగా పితికి పోసినా వాసన చూస్తాడు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూస్తాడు.

ఆఫీసు గోల్ బజార్లో బట్టల కొట్టు మీద. ముందు గదిలో గోవిందరావు, సౌమ్య. అద్దాల తలుపు వెనక యజమాని ఓంకార్. ముప్పయ్యేళ్ల కుర్రాడు, బొగ్గు కంపెనీ ఇంజనీరుగారి అబ్బాయి. వీళ్లు నడిపేది లారీల వంతుల బోర్డు. బొగ్గు లారీలు కాటా దగ్గర తూకానికి బారులు తీరి ఉంటాయి. ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో ఓనర్లు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చూసుకోవచ్చు. మీట నొక్కనక్కర్లేదు, నంబరు కదిలితే తెర మీద దానంతటదే కదులుతుంది.

దానికి పాత ప్రోగ్రాము గోవిందరావుదే. ఎనిమిది నెలల కిందట బిల్హా నుంచి రోజూ లోకల్లో వచ్చే ఈ సౌమ్య, ఎం.సి.ఏ. పాసైన ఇరవై మూడేళ్ల పిల్ల, వచ్చీ రాగానే దాన్ని పక్కన పెట్టించింది.

"సర్, మీ సర్వర్ ఒక్కో ఓనర్‌కి ఒక్కో నౌకర్‌ని పెడుతోంది. రెండొందల మంది ఒకేసారి చూస్తే రెండొందల నౌకర్లు. మెషీన్ బైఠ్ జాయేగా, కూలబడిపోతుంది. కొత్తదాంట్లో ఒక్కడే ఉంటాడు. స్టేషన్ క్యాంటీన్లో బేరర్ లాగ. ఆర్డర్ వంటింట్లోకి కేక వేసి పక్క టేబుల్‌కి వెళ్లిపోతాడు. దోసె అయ్యేదాకా అక్కడే నిలబడడు. ఒక్క షరతు సర్, వాడు ఎక్కడా నిలబడకూడదు. నిలబడ్డాడా, అందరూ ఆకలితోనే కూర్చుంటారు."

ఆ రోజు గోవిందరావుకి ఒళ్లు మండింది. అయినా నేర్చుకున్నాడు. నలభై ఆరేళ్ల వయసులో కూతురీడు పిల్ల దగ్గర నోట్సు రాసుకుని మరీ నేర్చుకున్నాడు. పోయిన నెలలో ఒక ముక్క సొంతంగా రాశాడు కూడా. కోరుకున్న డ్రైవర్లకి వంతు దగ్గరపడగానే ఫోన్‌కి మెసేజ్ వెళ్లే ఏర్పాటు అది. మెసేజ్ కంపెనీకి మన సర్వరు కబురు పెడుతుంది, వాళ్లు ఫోన్‌కి పంపుతారు. మొదటి మెసేజ్ తన ఫోన్‌కే పంపుకుని భార్య చిన్నతల్లికి చూపిస్తే, ఆవిడ సంబరపడి పక్కింటావిడని పిలుచుకొచ్చింది.

సోమవారం నుంచి పట్టుకుంది పీడ. బోర్డు ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ముప్పై సెకన్లు, నలభై సెకన్లు, రెండువందల మందికీ ఒకేసారి. మళ్లీ దానంతటదే కదులుతుంది. ఈలోగా కాటా దగ్గర వంతులు తప్పి డ్రైవర్లు కాలర్లు పట్టుకుంటున్నారు. నిన్న సాయంత్రం ఓంకార్ ఇద్దరినీ పిలిచి చెప్పేశాడు.

"రావ్‌జీ, రేపు సాయంత్రానికి నాకు కారణం కావాలి. లేకపోతే కాగితం మీదే రాసుకుంటామంటున్నారు ఓనర్లు. మీ ఇద్దర్లో ఎవరి గల్తీ అయితే వాళ్లు ఇంటికి. సాఫ్ బాత్, దాపరికం లేదు."

రాత్రి గోవిందరావుకి కంటిమీద కునుకు లేదు. ఈ వయసులో బయటికి పోతే గుమ్మం ఎక్కనిచ్చేవాడెవడు? ఆ పిల్లకి తన కుర్చీ కావాలి. చెడగొట్టి, తానే బాగుచేసి, ముసలాడికి చేతకాలేదని చూపించాలని చూస్తోంది. పొద్దున అన్నం పెడుతూ చిన్నతల్లి అంది కూడా.

"ఏటండీ, ఆ పిల్ల మీద పడ్డారు? ఆలూ మనోలే కదా. అది మీకేటి సేసింది?"

"నీకేటి తెలుసు? అది ఫోను పట్టుకుని బయటికెల్తే సాలు, బోర్డు ఆగిపోతంది. నాను రాసి ఉంచినాను."

అచ్ఛా, నిజమే. రాసి ఉంచాడు. ఇవాళ్టిదాంతో కలిపి మొత్తం ఏడుసార్లు ఆగితే మూడుసార్లు ఆ పిల్ల వరండాలోనే ఉంది.

మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పుతుంటే సౌమ్య బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. అద్దాల తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"సర్, ఐదు నిమిషాలు కిందకి వస్తారా? చాయ్ దుకాణం దగ్గర. మీ ఒక్కరితో అలగ్‌గా మాట్లాడాలి."

"ఏటది? ఇక్కడే సెప్పు."

"ఇక్కడ వద్దు సర్."

గోవిందరావు లోపల నవ్వుకున్నాడు. తనని కిందకి దింపి, ఏదో ఒక మాట అనిపించి, దాన్ని పట్టుకెళ్లి ఓంకార్ ముందు పెట్టాలని. ఇలాంటివాళ్లని ఎంతమందిని చూడలేదు?

"నాకు పనుంది" అన్నాడు పచ్చడి కలుపుకుంటూ.

ఆ పిల్ల ఇంకాసేపు నిలబడి, సరే సర్ అని వెళ్లి తన చోట కూర్చుంది. ఏదో కాగితం తీసి చాలాసేపు రాసుకుంది. గోవిందరావు మెడ సాచి చూశాడు గానీ ఏమీ కనబడలేదు.

మూడింటికి డైరీ తీసుకుని అద్దాల తలుపు తోశాడు. తేదీలు, టైములు, ఎవరెక్కడ ఉన్నారన్నది ఒక్కొక్కటే చదివి వినిపించాడు. ఓంకార్ గడ్డం గోక్కున్నాడు.

"మూడుసార్లే కదా రావ్‌జీ. మిగతా నాలుగుసార్లు సీట్లోనే ఉందంటున్నారు."

"ఆ నాలుగూ సీట్లో కూర్చునే సేసింది సార్. అనుమానం రాకుండా."

ఆ మాట అతను మనస్ఫూర్తిగా నమ్మే అన్నాడు.

ఓంకార్ సౌమ్యని పిలిచాడు. గోవిందరావు తన చోటికొచ్చి కూర్చున్నాడు గానీ చెవులు అక్కడే ఉన్నాయి. నడుస్తున్న బోర్డు మీద నువ్వేమైనా టెస్టులు చేశావా అని ఓంకార్ అడిగాడు. చేశాను సర్, మూడుసార్లు, నా నంబరుకి, అంది. సిగ్నల్ వరండాలోనే వస్తుంది కాబట్టి అక్కడికి వెళ్లాను అంది. ఎందుకంటే, అని ఏదో చెప్పబోయింది. ఓంకార్ చెయ్యెత్తి ఆపేశాడు. లైవ్ బోర్డు మీద ఆటలా, రేపట్నుంచి రావద్దు అన్నాడు. సౌమ్య అద్దంలోంచి గోవిందరావు వైపు ఒకసారి చూసింది. తల ఊపి బయటికొచ్చేసింది.

ఐదు దాటాక ఆ పిల్ల ఫోను ఛార్జరు చుట్టి సంచిలో వేసుకుంది. నీళ్ల సీసా కిటికీలో ఉన్న తులసి కుండీలో ఒంపింది. రోజూ పోయేటప్పుడు "వస్తాను సర్" అనేది. ఇవాళ "వెళ్తున్నాను సర్" అంది. గోవిందరావు తల ఎత్తకుండా ఊఁ అన్నాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు బజారు గోలలో కలిసిపోయింది. బిల్హా లోకల్‌కి ఇంకా అరగంట టైముంది.

గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది అతనికి. చాయ్ తెప్పించుకుని తాగాడు కూడా.

ఆరూ పదికి బోర్డు ఆగింది.

గోవిందరావు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆగే ఉంది. ముప్పై, ముప్పై ఐదు, నలభై సెకన్లు. అంటే ఇంటి నుంచి కూడా చేస్తోందన్నమాట. ఎన్ని గుండెలు! లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు. ఏదో ఒక ఆధారం వదలకుండా ఉండదు. సొరుగు లాగాడు. పిన్నులు, ఎండిపోయిన పెన్ను. కీబోర్డు ఎత్తాడు. దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. దొరికిందిరా అనుకున్నాడు.

విప్పి చూస్తే పైన టైములూ సెకన్లూ ఉన్నాయి. ఇవాళ్టిది పదీ ఇరవై, ముప్పై ఎనిమిది సెకన్లు. కింద తెలుగు. సౌమ్యకి తెలుగు రాయడం సరిగా రాదు. నాన్నమ్మ దగ్గర పలక మీద నేర్చుకున్నదే, అంతే. ఒక్కో అక్షరం విడివిడిగా, ఒకటో తరగతి పిల్ల రాసినట్టుంది. కొట్టేసి మళ్లీ రాసింది.

"సర్, మెసేజ్ కంపెనీ సోమవారం నుంచి లేటుగా జవాబు ఇస్తోంది. 214 లైనులో మన సర్వర్ ఆ జవాబు కోసం నిలబడుతోంది. ఓంకార్ సర్‌కి చెప్పలేదు. మీరే కనిపెట్టినట్టు చెప్పండి."

గోవిందరావు తన చోటికొచ్చి 214 తెరిచాడు. తాను రాసిన లైనే. పాత ప్రోగ్రాములో అలవాటైన చేత్తో రాసేశాడు. కంపెనీని అడుగు, జవాబొచ్చేదాకా ఆగు. ఉన్న ఒక్క బేరరునీ వంటింటి గుమ్మంలో నిలబెట్టేశాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు కాబట్టి పక్కవాళ్లు చూసి చెప్పే వీలు కూడా లేకపోయింది.

బాగుచెయ్యడానికి పది నిమిషాలు పట్టలేదు. కబురు పెట్టి వెళ్లిపో, జవాబు వచ్చినప్పుడు చూసుకుందాం, అని మార్చాడు. తన ఫోన్‌కే ఒక మెసేజ్ పంపుకున్నాడు. అది నలభై సెకన్లకి వచ్చింది. ఈలోగా బోర్డు మీద నంబర్లు చక్కగా కదులుతూనే ఉన్నాయి. చూస్తూ ఉంటే సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. పరుగెత్తినా స్టేషన్లో ఆ పిల్లని అందుకోలేడు. ఈపాటికి బండి బయల్దేరిపోయి ఉంటుంది.

కాగితం తీసుకెళ్లి ఆమె కీబోర్డు మీద పెట్టాడు. ఎందుకు పెట్టాడో తెలియదు. అప్పుడే తలుపు తీసుకుని ఓంకార్ వచ్చాడు.

"నడుస్తోందా? చూశారా రావ్‌జీ, ఆ అమ్మాయి అలా వెళ్లిందో లేదో, అంతా సాఫ్."

గోవిందరావు లేచి నిలబడ్డాడు. కాదు సార్, నాది తప్పు. ఆ నాలుగు మాటలూ నోటిదాకా వచ్చాయి. సర్కండాలో రెండు గదులు, పక్కింటావిడని పిలుచుకొచ్చిన చిన్నతల్లి కళ్లముందు కదిలారు.

"అవున్సార్" అన్నాడు.

"అదేంటి, ఆ కాగితం?" ఓంకార్ వంగి చూశాడు. తెలుగు ఇంట్లో మాట్లాడతాడు గానీ అతనికి ఒక్క అక్షరం చదవడం రాదు. ఆ సంగతి సౌమ్యకీ తెలుసు.

"ఏదో రాసుకుంది సార్."

"ఫేంక్ దీజియే" అని ఓంకార్ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గోవిందరావు పారెయ్యలేదు, జేబులోనూ పెట్టుకోలేదు. ఫ్యాను గాలికి కాగితం ఒక మూల లేచి పడుతోంది. "మీరే" అన్న మాట కింద ఆ పిల్ల రెండు గీతలు గీసి ఉంచింది.