ఉదయగిరి బస్సులో హార్లో దొర

ఉదయగిరి బస్సుకు కరీముల్లా కండక్టరుగా ఉన్న రోజుల్లో, నెల్లూరులో హార్లో సినిమా పడిందంటే మరునాడు ఆ బస్సులో నిలబడేందుకు కూడా చోటు దొరికేది కాదు. సాయంత్రం బస్సు నెల్లూరు చేరగానే కరీముల్లా మొహం కడుక్కొని ఫస్టు షోకి పరిగెత్తేవాడు. పొద్దున తిరుగు ప్రయాణంలో టిక్కెట్లు కొట్టడం ముగించి, డ్రైవరు మాల్యాద్రి వెనకున్న కడ్డీకి వీపు ఆనించి కథ ఎత్తుకునేవాడు. సంగం దగ్గర పెన్న కనిపించేసరికి హార్లో శత్రువులకు దొరికిపోయేవాడు. ఆత్మకూరు దాటాక తప్పించుకునేవాడు. ఉదయగిరి కొండ దగ్గర పడుతుండగా శత్రువుల కోట పేలిపోయేది.

హార్లో ఇంగ్లీషువాళ్ల గూఢచారి. రెండేళ్లకో, మూడేళ్లకో ఒక సినిమా చొప్పున అప్పటికి ఐదు వచ్చాయి. ఐదింటిలోనూ వేషం కట్టింది ఒకే నటుడు. గడ్డం మీద నొక్కు, నెమ్మదైన నడక. ఎవరినైనా కొట్టేముందు మర్యాదగా 'ఎక్స్‌క్యూజ్ మీ' అనేవాడు. ఆ మాట బస్సు దిగి ఊళ్లలోకి పాకింది. ఆత్మకూరు సంతలో గొర్రెల్ని అదిలించేవాళ్లు కూడా ఎక్స్‌క్యూజ్ మీ అనేవారు. వాళ్లలో ఒక్కరూ ఆ సినిమాలు చూసినవాళ్లు కారు. ఆత్మకూరు టూరింగ్ టాకీసుకు అప్పటిదాకా ఇంగ్లీషు సినిమా రానేలేదు.

డెబ్భై నాలుగులో ఆరో సినిమా వచ్చింది. కరీముల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు. తెర మీద ఎవరో సన్నటి మనిషి కారు దిగి, నేనే హార్లో అన్నాడు. శత్రువు మారువేషంలో వచ్చాడనుకున్నాడు కరీముల్లా. అసలు మనిషి వెనకాల వస్తాడని నిబ్బరంగా కూర్చున్నాడు. ఇంటర్వెల్ అయింది. అసలు మనిషి రాలేదు. సినిమా ముగిసి హాల్లో దీపాలు వెలిగాయి. అప్పటికీ రాలేదు. చావు కబురు విన్నవాడిలా బస్టాండుకు నడిచాడు కరీముల్లా.

పొద్దున బస్సు కదలగానే అందరూ అడిగారు. "ఏందన్నా, ఎట్టుండాది మన హార్లో దొర?"

కొత్త మొహం సంగతి చెప్పడానికి కరీముల్లాకు నోరు రాలేదు. "ఎట్టుంటాడు? ఎప్పటిమాదిరే ఉండాడు" అన్నాడు. కథంతా పాత మనిషితోనే నడిపించాడు. ఆ గడ్డం, ఆ నడక, అన్నీ చెప్పాడు. జనం మురిసిపోయారు.

ఏడాదిన్నర తర్వాత అదే సినిమా, అరిగిన రీళ్లతో ఆత్మకూరు టూరింగ్ టాకీసుకు వచ్చింది. బస్సులో కథ విన్నవాళ్లంతా ఎగబడి చూశారు. అక్కడి హైస్కూలుకు కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంగ్లీషు మాస్టారు ప్రేమానందం కూడా చూశాడు. మరునాడు ఆయన బస్సులో లేచి నిలబడ్డాడు.

"కరీముల్లా, ఆ హీరో కొత్తవాడు గదయ్యా. నువ్వు పాతాయన్ని ఎట్ట చూసినావు?"

కరీముల్లా తల వంచుకుని చిల్లర లెక్కపెట్టసాగాడు.

"అదట్టుండనీ. అందులో హీరోయిను శత్రువుకు చెల్లెలని చెప్పినావంట. కూతురయ్యా ఆ పిల్ల! అయిదుసార్లు ఫాదర్ అని పిలిచింది. నీకు వినపళ్లేదా?"

బస్సంతా కండక్టరు వైపు చూసింది. కరీముల్లా చేతిలోని టిక్కెట్ల కట్ట సంచిలో పెట్టేశాడు. "వినపడింది సార్. తెలవలేదు" అన్నాడు. "నాకు ఇంగ్లీషు రాదు. ఉదయగిరిలో ఉర్దూ బడిలో అయిదు దాకా చదివినా. ఆ ఎక్స్‌క్యూజ్ మీ ఒక్కటే నాకు తెలిసింది. మిగతాదంతా వాళ్ల మొహాలు చూసి కట్టుకున్నా."

"ఆరు సినిమాలూనా?" అని వెనక సీట్లోంచి ఎవరో అడిగారు.

"ఆరూ."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. ఆ రోజు నుంచి టిక్కెట్లు కొట్టడం, రైట్ అనడం, అంతే. ప్రేమానందం ఎక్కితే మొహం తిప్పుకునేవాడు. పరువు తీయాలని మాస్టారు అనుకోలేదు గానీ, అన్న మాట అననే అన్నాడు.

నెల గడిచింది. ఒక పొద్దున సంగంలో నర్సు చెంచులక్ష్మి ఎక్కింది. ఆమె రోజూ ఆ బస్సులోనే ఆత్మకూరు ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తుంది. టిక్కెట్టు తీసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"కరీముల్లన్నా, నాలుగో సినిమాలో హార్లో మంచుకొండ దిగినాక ఏమైంది?"

"ఎందుకులే సిస్టరమ్మా. అదంతా నా కల్పన."

"మా వార్డులో మునెయ్య అని, లారీ కింద పడి కాలు నుజ్జయినాయన ఉండాడు. కట్టు మార్చేటప్పుడు కేకలు పెడతాడు. నీ కథలు చెప్తా ఉంటే పండ్లు బిగబట్టుకుని ఊకొడతాడు. మూడైపోయినాయి. నిన్న మంచుకొండ మీద ఆపినా. నాకు మిగతాది గుర్తుకు రాలా. కల్పనో నిజమో ఆయనకెందుకు? చెప్పు."

కరీముల్లా గొంతు సవరించుకున్నాడు. మొదట ఆమె ఒక్కదానికే వినపడేలా చెప్పాడు. ఆత్మకూరు వచ్చేసరికి ముందు నాలుగు వరసలూ మెడలు చాచి వింటున్నాయి. మూడో వరసలో కూర్చున్న ప్రేమానందం దిగబోతూ కండక్టరు భుజం తట్టి దిగిపోయాడు.

డెబ్భై ఏడులో ఏడో సినిమా నెల్లూరుకు వచ్చినప్పుడు ఆయనే అడిగాడు. "నేనూ వస్తా. నీ పక్కన కూర్చుని మాట మాటకీ అర్థం చెప్తా. సరేనా?"

"మీకెందుకు సార్ శ్రమ?"

"శ్రమ కాదయ్యా. నోరు జారినందుకు."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మళ్లీ ఆ సన్నటి మనిషే. అరగంట దాకా మాస్టారు చెవిలో అర్థం చెబుతూనే ఉన్నాడు. కొంతసేపటికి మాటలు తగ్గి, తర్వాత పూర్తిగా ఆగిపోయాయి.

"ఏమన్నాడు సార్?"

"ఉండవయ్యా, చూడనీ!"

తెర మీద హార్లో, చనిపోయిన స్నేహితుడి సమాధి దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్క మాట లేదు. టోపీ తీసి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. పాతాయన ఎన్నడూ అలా చేయలేదు. కరీముల్లాకు కళ్లు చెమర్చాయి. ఈ మనిషి కూడా హార్లోనే అని మొదటిసారి మనసు ఒప్పుకుంది.

పొద్దున బస్సు నెల్లూరు దాటగానే కడ్డీకి వీపు ఆనించాడు.

"మొహం మారింది. ముందే చెప్తుండా. పాతాయన మానుకున్నాడు, ఎందుకో మాస్టారుక్కూడా తెలీదు. కొత్తాయన సన్నంగా ఉంటాడు. నేను రెండున్నరేళ్లు ఆయన్ను తిట్టుకున్నా. రాత్రి ఏడిపించినాడు నన్ను."

"మాకొద్దు కొత్తోడు" అన్నాడు ఆత్మకూరు రైతు ఆదినారాయణ.

"విని చెప్పండి పెదనాయనా."

ముందు సీట్లో కూర్చున్న ప్రేమానందం అక్కడక్కడా సర్దాడు. "చెల్లెలు కాదు, భార్య" అన్నాడోసారి. "సరే సార్, భార్య" అని కరీముల్లా ముందుకు సాగాడు. సమాధి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం మాస్టారు కల్పించుకోలేదు. ఆత్మకూరులో దిగాల్సిన ఆదినారాయణ దిగకుండా ఉదయగిరికి టిక్కెట్టు అడిగాడు.

ఉదయగిరి బస్టాండులో బస్సు ఆగింది. కథ ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఎవరూ లేవలేదు. మాల్యాద్రి ఇంజను ఆపేసి, స్టీరింగు వదిలి, సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు భాయ్. ఇన్నాళ్లూ రోడ్డు చూస్తా సగం సగమే విన్నా" అన్నాడు.