యాభై ఐదు దాటకూడదు

తేజశ్రీ ఏం తింటే అది నోట్‌బుక్‌లో రాసే పని మా డ్రిల్లు సారు నాకు అప్పగించారు. పదో తరగతి మొత్తంలో నోరు తెరవనిది నేనొక్కదాన్నే. నోరు తెరవని వాళ్ళు అబద్ధాలు కూడా ఆడరని శివనాగరాజు సార్ నమ్మకం.

మార్టూరులో కబడ్డీ పోటీలకు అప్పటికి నెల రోజులుంది. పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల జట్టులో ఆడాలంటే బరువు యాభై ఐదు కేజీలు దాటకూడదు. మా జట్టులో కూతకు వెళ్ళి వట్టి చేతులతో తిరిగి రానిది తేజశ్రీ ఒక్కతే. దాని బరువు యాభై ఏడు కేజీల నాలుగు వందల గ్రాములు.

"రెండున్నర కేజీలేగా సార్! జడ కోయిస్తే పోద్ది," అంది తేజశ్రీ.

"జడ కాదమ్మా, నోరు కుట్టించాలి," అన్నారు సార్.

ఆయన చెప్పిన నియమాలు విని తేజశ్రీ కన్నా నేనే ఎక్కువ భయపడ్డాను. మూడు పూటలా తినాలి, కానీ అన్నం ఒక్కసారే పెట్టించుకోవాలి. నెయ్యి, నూనెలో వేయించినవి, బేకరీ సరుకు వద్దు. పప్పు, గుడ్డు, ఆకుకూర ఎంతైనా తినొచ్చు. పొద్దున్నే చెరువుకట్ట దాకా పరుగు. ఎవరైనా పస్తులుండి బరువు తగ్గాలని చూస్తే మాత్రం జట్టులోంచి తీసేస్తానని కూడా చెప్పారు. తేజశ్రీ పస్తులుంటుందేమోనని అనుమానించినందుకు మేమంతా పడీ పడీ నవ్వాం.

అసలు కష్టం వాళ్ళ నాయనమ్మ సుబ్బరావమ్మతో వచ్చింది. ఆమె దృష్టిలో మనవరాలు రెండోసారి అన్నం పెట్టించుకోలేదంటే జ్వరమైనా ఉండాలి, ఎవరైనా తిట్టైనా ఉండాలి.

"ఎవరే నిన్ను తిట్టింది? పేరు చెప్పు తల్లీ, వాళ్ళ గుమ్మంలో నిలబడి అడుగుతా."

"ఎవురూ తిట్టలా నాయనమ్మా. సన్నబడాలి."

"సన్నబడి ఏం చేస్తావే? తలుపు సందులోంచి దూరతావా?"

మూడో రోజు ఆమె కంచంలో అడుగున నెయ్యి పోసి, దాని మీద గోంగూర పచ్చడి కలిపిన అన్నం పెట్టింది. తేజశ్రీ నాలుగు ముద్దలు తిన్నాక గానీ సంగతి బయటపడలేదు. నేను గడప మీద కూర్చుని నోట్‌బుక్‌లో 'నెయ్యి, అన్నం కింద దాచినది, తెలియక నాలుగు ముద్దలు' అని రాశాను. సుబ్బరావమ్మ నా వైపు తిరిగి, "ఈ పిల్ల పోలీసా ఏందే? నీకూ పెడతా, కూర్చోవే, ఎముకలు కనపడతన్నయ్యి," అంది. నేను వద్దనలేకపోయాను. నాకు వద్దనడం రాదు. ఆ నెలలో వాళ్ళింట్లో ఎన్ని సున్నుండలు తిన్నానో ఎవరూ రాయలేదు కాబట్టి లెక్క తెలియదు.

బరువు చూసుకోవడానికి బడిలో ఒక మిషను ఉండేది. పోయినేడాది నలుగురు ఒకేసారి ఎక్కితే ఎంత చూపిస్తుందోనని తేజశ్రీ మరో ముగ్గురిని తీసుకుని ఎక్కింది. అది ఏమీ చూపించలేదు. ఇప్పటికీ ఏమీ చూపించదు. అందుకని ప్రతి ఆదివారం ఊరి చివర చెంచురామయ్య గారి పత్తి షెడ్డుకు వెళ్ళేవాళ్ళం. చుట్టుపక్కల పత్తి కొనేది ఆయనే. అక్కడ ఎలక్ట్రానిక్ కాటా ఉంది. ఎర్ర అంకెలు, పది గ్రాములు కూడా చూపిస్తుంది. పత్తి కుక్కిన గోనె బోరేల మధ్య తేజశ్రీ చెప్పులు విప్పి, ఊపిరి వదిలేసి, కళ్ళు మూసుకుని కాటా ఎక్కేది. మొదటి రోజు యాభై ఏడు నాలుగు వందలు చెప్పింది కూడా ఈ కాటాయే.

"నా తలలో పత్తి ఉందేమో చూడవే. తీసెయ్. అదీ బరువే."

దాని తర్వాత నేనూ ఎక్కేదాన్ని. ఊరికే, తోడుకి. సార్ కూడా ఎక్కేవారు. ఆయన పొట్ట లోపలికి లాక్కుని ఎక్కడం చూసి, పొట్ట లాక్కుంటే బరువు తగ్గదని చెప్పాలనిపించేది. చెప్పలేదు.

రెండో వారంలో ఒక తప్పు జరిగింది. బడి నుంచి వస్తుంటే బస్టాండు దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు నూనెలో ఎగిరెగిరి పడుతున్నాయి. తేజశ్రీ ఆగిపోయింది. మళ్ళీ నడిచింది. మళ్ళీ ఆగింది.

"ఒసే సౌజన్యా, నువ్వు అటు చూడవే ఒక్క నిమిషం."

నేను అటు చూశాను. ఇటు చూసేసరికి రెండు బజ్జీలు అయిపోయాయి. మూతికి ఉల్లిపాయ ముక్క అంటుకుని ఉంది.

"రాయమాకే, నీకు దణ్ణం పెడతా. సార్ చంపేస్తాడు."

నేను రాయలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు కూడా.

అయినా మూడో ఆదివారం కాటా మీద ఎర్ర అంకెలు యాభై నాలుగు కేజీల ఎనిమిది వందలు చూపించాయి! తేజశ్రీ కాటా మీదే ఎగిరింది. "దిగి ఎగరమ్మాయ్, కాటా పోద్ది," అని చెంచురామయ్య గారు అరిచారు. నా బరువు ముప్పై తొమ్మిదిన్నర. సార్ ఎనభై రెండు. ముగ్గురం రాజుల్లా ఇంటికెళ్ళాం. దారిలో ఎదురైన ప్రతి మనిషికీ తేజశ్రీ తన బరువు చెప్పింది. అడగని వాళ్ళకు రెండుసార్లు చెప్పింది.

బుధవారం బడికి ఏఎన్‌ఎం మెహర్ అక్క వచ్చింది. పిల్లలకు ఐరన్ మాత్రలిచ్చి, ఎత్తు, బరువు రాసుకోవడం ఆమె పని. చేతిలో కొత్త బరువు మిషను ఉంది. తేజశ్రీ లైను దాటి ముందుకెళ్ళి, అందరూ చూడండన్నట్టు ఎక్కింది.

"యాభై ఏడు కేజీల వంద," అంది మెహర్ అక్క.

"అక్కా, సరిగ్గా చూడు. యాభై నాలుగు."

"నాకు చదువు రాదనుకున్నావా? యాభై ఏడు వంద."

సార్ పరుగెత్తుకొచ్చారు. మూడు రోజుల్లో రెండు కేజీల మూడు వందలు! ఆయన నా చేతిలోంచి నోట్‌బుక్ లాక్కుని పేజీలు తిప్పారు. జట్టులో పిల్లలంతా మా చుట్టూ మూగారు.

"ఏం తిన్నావు నిజం చెప్పు తేజా!"

"ఒట్టు సార్, ఏం తినలా!"

"ఏమ్మా సౌజన్యా, రాయకుండా ఏం వదిలేశావు?"

రెండు బజ్జీలు రెండు కేజీల మూడు వందలు అవుతాయా? ఒక్కో బజ్జీ కేజీ నూట యాభై గ్రాములా? నేను నిజంగానే మనసులో భాగహారం చేశాను. అందరూ నా మొహం చూస్తున్నారు. తేజశ్రీ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "నువ్వైనా చెప్పవే," అంది. మాట రానప్పుడు ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది కదా, నేను కంగారులో ఎదురుగా ఉన్న మిషను ఎక్కేశాను.

"నలభై ఒకటి రెండు వందలు," అంది మెహర్ అక్క.

నేను నోట్‌బుక్ వైపు చూపించాను. ముప్పై తొమ్మిదిన్నర అని ఆదివారం తారీఖుతో అందులో ఉంది. నేనూ పెరిగానన్నమాట! సార్ ఒక్క క్షణం ఆలోచించి, బూట్లు విప్పి తనూ ఎక్కారు. ఎనభై ఐదు నాలుగు వందలు. ఆయన మొహం మాడిపోయింది.

"మీ మిషను తప్పు మెహర్ గారూ," అన్నారు సార్.

"సోమవారమే వచ్చింది సార్. అట్టపెట్టె కూడా బండిలోనే ఉంది. నా మిషన్ని అనొద్దు."

"మరి చెంచురామయ్య గారి కాటా కూడా ఎలక్ట్రానిక్‌దేగా..."

నేను తేజశ్రీ చెవిలో గుసగుసగా చెప్పాను. నా మాట చెవిలో పడగానే అది బడి మొత్తం వినేలా అరిచింది. "డీఏపీ బస్తా! కుట్టు విప్పని బస్తా మా ఇంట్లో ఉంది! దాని మీద యాభై కేజీలని రాసుంటది! దాన్ని కాటా ఎక్కిద్దాం సార్!"

బడి వదిలాక తేజశ్రీ వాళ్ళ నాన్న యలమంద గారు టీవీఎస్ బండి మీద ఆ బస్తా పెట్టుకుని షెడ్డుకు వచ్చారు. వెనక మేము. మా వెనక సగం ఊరు. సుబ్బరావమ్మ కూడా వచ్చింది. చెంచురామయ్య గారు ఎవరిదో పత్తి తూస్తున్నారు.

"ఏందయ్యా యలమందా, ఎరువు కూడా నాకే అమ్ముతావా?"

"అమ్మడానికి కాదు. ఊరికే ఒకసారి పెడతా."

బస్తా కాటా మీద పెట్టారు. ఎర్ర అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి. నలభై ఎనిమిది.

చెంచురామయ్య గారు బస్తాను ఒకసారి తట్టి చూసి, "తేమ తగ్గి ఉంటది. ఎండలో పెట్టావా ఏంది?" అన్నారు.

పత్తి తెచ్చిన ప్రతి ఒక్కరితో తేమ ఎక్కువుందని గీచి గీచి బేరమాడే మనిషి, ఎరువు బస్తాలో తేమ తగ్గిందనేసరికి ముందు ఒకామె కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ. సుబ్బరావమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ, "అదీ సన్నబడిందేమో చెంచురామయ్యా, మా మనవరాలితో పాటు!" అంది. నేను కూడా నవ్వాను, బయటికి వినపడేలాగే. ఆ తర్వాత పెద్దవాళ్ళ గొంతులు పెరిగాయి. బ్యాటరీ అయిపోయిందని ఆయన, ఎన్నాళ్ళ నుంచని వీళ్ళు. మరుసటి వారానికి షెడ్డులో కొత్త కాటా వచ్చింది. దాని పక్కనే ఒక డీఏపీ బస్తా ఎప్పుడూ ఉండాలని ఊళ్ళో వాళ్ళు పట్టుబట్టారు. మిగతాది వాళ్ళు వాళ్ళు తేల్చుకున్నారు.

ఆ సాయంత్రం గోలలో తేజశ్రీ కనపడలేదు. షెడ్డు వెనక పత్తి బోరెం మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఊరందరికీ మంచి జరిగింది. నాకే రెండు కేజీలు పెరిగినయ్యే," అంది.

ఇంకా ఎనిమిది రోజులే ఉంది. సార్ దాని ఎదురుగా కూర్చుని, "నీళ్ళు మానెయ్యడం, తిండి మానెయ్యడం వద్దు తల్లీ. కూతలో కళ్ళు తిరిగి పడతావు. ఇప్పటిదాకా చేసిందే చెయ్. ఎంత తగ్గితే అంత," అన్నారు. అది అలాగే చేసింది. పొద్దునా సాయంత్రం పరుగు. రాత్రి ఒక జొన్న రొట్టె, గిన్నెడు పప్పు. ఈసారి అన్నీ రాశాను. ఆ రెండు బజ్జీలు కూడా పాత పేజీలో ఇరికించి రాశాను. సుబ్బరావమ్మ నెయ్యి డబ్బా పైఅరలో పెట్టేసి, "కాటా దొంగదైతే పిల్లేం చేస్తది," అని తనే కాపలా కాసింది.

మార్టూరులో ఆటస్థలం పక్కన గ్రానైటు పలకలు వరసగా పేర్చి ఉన్నాయి. ఎక్కడ కూర్చున్నా లంగాకి తెల్లటి పొడి అంటుకుంటోంది. బరువు చూసే బల్ల దగ్గర తేజశ్రీ మిషను ఎక్కింది. యాభై ఐదు కేజీల ఆరు వందలు. పట్టీలు తీసింది, పిన్నులు తీసింది, జడకున్న రబ్బరు బ్యాండు కూడా తీసింది. యాభై ఐదున్నర.

"కుదరదమ్మా," అన్నాడు బల్ల దగ్గరాయన. కోపంగా కూడా అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

తేజశ్రీ జుట్టు విరబోసుకుని పలక మీద కూర్చుంది. నేను పిన్నులన్నీ గుప్పిట్లో పట్టుకుని పక్కన నిలబడ్డాను. సార్ ఎక్కడికో పరుగెత్తారు. పావుగంట తర్వాత చెమటలు కక్కుతూ వచ్చారు.

"లే లే! మన మండలం పెద్దమ్మాయిల జట్టులో ఒకమ్మాయికి జ్వరమంట. వాళ్ళకి బరువు హద్దు ఇంకా ఎక్కువ. నీ వయసు కాగితం చూపించా, ఒప్పుకున్నారు. ఆడతావా?"

పెద్దమ్మాయిలంటే నిజంగానే పెద్దమ్మాయిలు. వాళ్ళ కెప్టెన్ చెంచమ్మ అక్క భుజం మీద నన్ను కూర్చోబెట్టుకుని తిరగొచ్చు. ఆమె తేజశ్రీని కింద నుంచి పైదాకా చూసింది.

"ఏంది సార్, ఈ పుల్లని తెచ్చారు? గాలొస్తే ఎగిరిపోద్ది."

తేజశ్రీ మొహం వెలిగిపోయింది. పుట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ పుల్ల అనలేదు. నా చెయ్యి గట్టిగా గిచ్చింది.

"విన్నావా? పుల్లంట! రాయవే, రాయి! ఆమె పేరు కూడా రాయి!"

నేను రాశాను. తారీఖుతో సహా.

ఆట సగం అయ్యేదాకా దాన్ని బయటే కూర్చోబెట్టారు. మాకు నాలుగు పాయింట్లు తక్కువున్నాయి. చెంచమ్మ అక్కను అవతలి వాళ్ళు పట్టేసి బయటికి పంపాక, కూతకు వెళ్ళే వాళ్ళు ఇంకెవరూ లేక, "పో పుల్లా," అన్నారు. తేజశ్రీ గీత తాకి, దణ్ణం పెట్టుకుని, కూత మొదలుపెట్టింది. సందులోంచి దూరినట్టు ఇద్దరి మధ్యలోంచి దూరి ఒకామె భుజం తట్టింది. వెనక్కి తిరిగేసరికి ఆమె నడుము పట్టుకుంది. ఇంకొకామె కాలు పట్టుకుంది. మూడో ఆమె వచ్చి మీద పడింది. కూత ఆగలేదు. నేను ఏం అరుస్తున్నానో నాకే తెలియదు గానీ పక్కన కూర్చున్న వాళ్ళు చెవులు మూసుకున్నారు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ అంగుళం అంగుళం జరిగి, అది చేతి వేళ్ళు గీత మీద పెట్టింది.

మూడు పాయింట్లు. ఆట చివరికి రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తేజశ్రీకి అదేం పట్టలేదు. పొడిలో వెల్లకిలా పడుకుని రొప్పుతోంది.

"ఎంతమంది పట్టుకున్నారే నన్ను?"

"ముగ్గురు."

"ముగ్గురా! అయినా లాక్కొచ్చానా?" అని కళ్ళు మూసుకుని కాసేపు నవ్వింది. "ఆ అరకేజీ కూడా తగ్గుంటే ఎత్తి అవతల పారేసేవాళ్ళే!"