చిప్పెడు ఉప్పు

"అత్తయ్యా, ఇందులో ఉప్పు వేశారా, వేద్దామనుకుని వదిలేశారా?"

రామతులసి ఉప్మా పళ్ళెం గట్టు మీద పెట్టి అడిగింది. శివపార్వతి అప్పటికే ముడి వేసుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పనికి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది.

"వేశాను. నువ్వు బందరు పిల్లవి. సముద్రం తాగి పెరిగావు. నీ నోటికి ఎంత వేసినా చప్పగానే ఉంటుంది."

"సముద్రం సంగతి తర్వాత చూద్దాం. మీ అబ్బాయిని తిని చెప్పమనండి."

కోటేశ్వరరావు తల వంచుకుని తింటున్నాడు. "బాగానే ఉందిలే" అన్నాడు.

"అవును మరి. అమ్మ చేస్తే బాగానే ఉందిలే. నేను చేస్తే మాత్రం మొహం ముడుచుకుంటుంది." రామతులసి ఉప్పు డబ్బా తెచ్చి అన్ని పళ్ళాల్లోనూ కాస్త కాస్త జల్లింది. అత్తగారి పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు సరిపోయింది."

ఆవిడ ఆ నాలుగు ముద్దలూ నమలకుండా మింగి, మంచినీళ్ళు తాగి లేచింది. తడి గుడ్డ నమిలినా, ఉప్మా తిన్నా ఆవిడకి ఒకటే అయి రెండు నెలలు కావస్తోంది.

ఆ రోజు మనవరాలు మనోజ్ఞ పుట్టినరోజు. ఏడు నిండాయి. ఏం కావాలని తండ్రి అడిగితే, నాయనమ్మ పనిచేసే హోటల్లో కూర్చుని నాయనమ్మ పచ్చడి తినాలంది. వన్‌టౌన్‌లో మందుల హోల్‌సేల్ దుకాణంలో పనిచేసే కోటేశ్వరరావు ఒక పూట సెలవు పెట్టాడు. ముందురోజు హోటలు యజమాని వెంకటకృష్ణారావుగారిని కలిసి, అమ్మ కూడా తమతో కూర్చోవచ్చా అని అడిగి మరీ వచ్చాడు.

"పదకొండున్నరకల్లా వస్తాం. జనం రాకముందే. నువ్వూ కాళ్ళు కడుక్కుని ముందుకి వచ్చెయ్" అన్నాడు.

"నేనెందుకురా మధ్యలో?"

"పచ్చడి మొదటి ముద్ద నాదే నాయనమ్మా" అంది మనోజ్ఞ, పక్క మీంచి లేవకుండానే.

కృష్ణలంక నుంచి గవర్నర్‌పేటకి ఆవిడ ఎప్పుడూ నడిచే వెళుతుంది. వంతెన దగ్గర ఒకతను ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని పోతుంటే, కాలువ కంపు కొడుతోందని తెలిసింది. మూల మీద కాఫీ గింజలు మరపట్టే దుకాణం ముందు కూడా అలాగే నడిచి వెళ్ళింది. వినాయక చవితి వెళ్ళిన వారంలో వచ్చిన జ్వరం పది రోజులకి తగ్గింది గానీ, ముక్కునీ నాలుకనీ తనతో పట్టుకుపోయింది. నోటికి వేడి తెలుస్తుంది, మిరపకాయ మంట తెలుస్తుంది. అంతకు మించి ఏమీ తెలియదు. మరో వారానికి వస్తుంది, దసరా నాటికి వస్తుంది అనుకుంది. ఎవరితోనూ అనలేదు. కార్తీకం కూడా వచ్చేసింది.

హోటలుకి ముందు వైపు అద్దాల తలుపు, పెద్ద బోర్డు ఉన్నాయి. శివపార్వతి ఇరవై రెండేళ్ళుగా వెనక సందులోంచే వెళుతోంది. సందు చివర పెరడు, పెరట్లో ఎంగిలాకులు వేసే సిమెంటు తొట్టి, ఆ పక్కనే వంటింటి గుమ్మం. గుమ్మం లోపల ఎడమవైపు ఆవిడ రోలు. ఊళ్ళ నుంచి కోర్టు పనికీ, పెళ్ళి బట్టలకీ వచ్చినవాళ్ళు ఈ హోటలే వెతుక్కుని రావడానికి కారణం ఆ రోట్లోని గోంగూర పచ్చడి అని వెంకటకృష్ణారావుగారు నలుగురిలో అంటూంటారు. అన్నం, పప్పు, పులుసు ఎక్కడైనా దొరుకుతాయి.

తిన్నవాళ్ళు ఏమనుకున్నారో ఆవిడ ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. తొట్టిలో పడే ఆకులు చూసేది. మడత విడిపోయిన ఆకుల్లో కూర మిగిలేది, పులుసు మిగిలేది. పచ్చడి వడ్డించిన చోట ఆకు పచ్చగా తుడిచినట్టు ఉండేది. అది చూసుకుని ఇంటికి వెళ్ళేది.

ఆ వంటింట్లో ఒక ఆచారం ఉంది. లోపల ఎవరూ ఏదీ నోట పెట్టకూడదు. రుచి చూడాలంటే గుమ్మం దాటి పెరట్లో నిలబడాలి. అరటాకులు తెచ్చే కరిముల్లా ఆ వేళకి పెరట్లోనే ఉంటాడు కాబట్టి, ఎప్పటి నుంచో రోజూ అతని చేతిలో కాస్త పచ్చడి పెట్టడం ఆవిడకి అలవాటు. జ్వరం తరవాత నుంచి అతని మొహంలోకి చూడడం కూడా అలవాటైంది. అతను చప్పరించి, "ఒక చిటికెడు పడాలక్కా" అనో, "సరిగ్గా ఉంది, ముట్టుకోకు" అనో అనేవాడు. ఎందుకు అడుగుతున్నావని ఎన్నడూ అనలేదు.

గురువారం నుంచి అతనికి రంజాను ఉపవాసాలు. ఆ నాలుగు రోజులూ శివపార్వతి ఏదో వంక పెట్టి కూరలు తరిగే మాణిక్యమ్మ చేతిలో పచ్చడి వేసింది. ఇవాళ కార్తీక సోమవారం. మాణిక్యమ్మ తడి జుట్టుతో వచ్చి కత్తిపీట ముందు కూర్చుంటూనే, "చుక్కలు చూసేదాకా నాకు మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు" అంది.

శివపార్వతి గోంగూర ఆకు వలిచింది. ఎర్ర కాడ గోంగూర, లేతది, పులుపు ఎక్కువ. అది చూసి చెప్పగలదు. మిరపకాయలు, మెంతులు వేయించింది. రంగు చూసి దించింది. సోమవారం కాబట్టి వెల్లుల్లి లేదు. నూరడం సగమయ్యాక ఉప్పు జాడీ మూత తీసి ఆగిపోయింది. జాడీలో కళ్ళుప్పు లేదు. మెత్తటి ఉప్పు ఉంది.

"ఇదేమిటి మాణిక్యం?"

"ప్యాకెట్లు వచ్చాయి పొద్దున. ఇక నుంచి అన్నిటికీ ఇదేనట. అయోడిన్‌దట. గొంతులు వాయవంట."

జాడీలో ఉండే చిప్ప ఆవిడ సొంతం. భర్త పోయిన ఏడు ఈ పనిలో చేరిన మొదటిరోజు ఇంటి నుంచి తెచ్చుకుంది. చిన్న కొబ్బరి చిప్ప, అంచు అరిగి నున్నగా నల్లగా అయింది. లోపల ఒక గీత. ఒక వాయి పచ్చడికి ఆ గీత దాకా కళ్ళుప్పు. ఆ పైన ఆకు పులుపును బట్టి చెయ్యి ఆడించడమే. మెత్తటి ఉప్పు ఒత్తుగా కూర్చుంటుందనీ, అదే గీతకి ఎక్కువ పడుతుందనీ ఆవిడకి తెలుసు. ఎంత ఎక్కువో నాలుక చెప్పాలి.

గీతలో సగానికి వేసి, నూరి, కాస్త పచ్చడి వేలి మీద తీసుకుని పెరట్లోకి వెళ్ళి నాలుక మీద పెట్టుకుంది. చురుక్కుమంది. అంతే.

కరిముల్లా సైకిలు మీంచి ఆకుల కట్టలు దించుతున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆవిడ వేలు చూశాడు, మొహం చూశాడు.

"ఇవాళ మాణిక్యమ్మకి కూడా ఉపవాసమేగా అక్కా" అన్నాడు మెల్లిగా.

ఇతనికి అంతా తెలుసునన్నమాట.

"ఇటివ్వు. నాలిక చివర ఆనించి ఉమ్మేస్తాను. మింగకపోతే ఫరవాలేదంటారు. మా ఇంట్లో ఫరహత్ వంట చేసేటప్పుడు అట్లాగే చూస్తుంది."

"ఫరహత్ ఇంటికోసం చూస్తుంది. నువ్వు నా ఉప్పు కోసం చూడక్కర్లేదు. ఒకవేళ గొంతులోకి పోతే?"

"పోతే నేను చూసుకుంటాలే అక్కా."

"వద్దు. మొహం కడుక్కుని వెళ్ళు. ఎండెక్కుతోంది."

అతను సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. వడ్డన చేసే వెంకటప్పయ్యని అడగవచ్చు. ఎన్నడూ అడగనిది ఇవాళ అడిగితే మధ్యాహ్నానికల్లా హోటలంతా తెలుస్తుంది. రేపటికి రోటి దగ్గర వేరే మనిషి ఉంటుంది.

శివపార్వతి మళ్ళీ రోటి ముందు కూర్చుంది. ఉప్పు సరిపోయిందనే అనిపించింది. కానీ చెవిలో పొద్దుటి మాట తిరుగుతోంది. ఉప్మాలోనూ సరిపోయిందనే కదా అనుకుంది. పుట్టినరోజు పిల్ల చప్పటి పచ్చడి తినడమేమిటి? చిప్ప మళ్ళీ ముంచింది. ఈసారి గీత దాకా వేసింది.

పదకొండున్నరకి వెంకటకృష్ణారావుగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి పిలిచారు. "శివపార్వతమ్మా, మీవాళ్ళు వచ్చారు. ఇవాళ నువ్వు మా కస్టమరువి. రా."

ఆవిడ చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, హాల్లోకి వెళ్ళింది. చెక్క కుర్చీ అంచున కూర్చుంది. ఎదురుగా కోటేశ్వరరావు, మనోజ్ఞ కొత్త గౌనులో. పక్కన రామతులసి. వెంకటప్పయ్య ఆకు వేసి నీళ్ళు చల్లుతూ, "వదినగారికి నేను వడ్డించే రోజు వచ్చిందన్నమాట" అని నవ్వాడు. ఆవిడ ఆకు తుడుస్తుంటే, అది కరిముల్లా పొద్దున దించినదేనని గుర్తొచ్చింది. మరీ లేత ఆకు. ఎప్పుడూ మంచివే ఏరి తెస్తాడు.

పచ్చడి వచ్చింది. వేడి అన్నం వచ్చింది. మీద నెయ్యి పడింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ పచ్చడి వేడన్నంతో తినలేదు. పనివాళ్ళ భోజనాల వేళకి గిన్నెలో మిగిలేది కాదు.

"మొదటి ముద్ద నాదే" అని మనోజ్ఞ గబగబా కలిపి నోట్లో పెట్టుకుంది. దాని కళ్ళు చిన్నవయ్యాయి. "నాయనమ్మా, ఇది..." అంటూనే ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది. బల్ల కింద రామతులసి చెయ్యి కదిలింది. పిల్ల ముద్ద మింగి గ్లాసు అందుకుంది.

శివపార్వతి ముద్ద కలుపుకుని తింది. నెయ్యి వెచ్చగా గొంతులోకి జారింది. ఇంకో ముద్ద తింది. కోటేశ్వరరావు చెయ్యి ఆకు మీదే ఆగిపోయి ఉంది. అతను తల్లి చేతినే చూస్తున్నాడు.

రామతులసి మాత్రం తల ఎత్తకుండా తింటోంది. ఒక ముద్ద, రెండు గుక్కల నీళ్ళు, మళ్ళీ ముద్ద. పచ్చడి ఉన్నచోట ఆకు కనిపించేలా వేలితో తీసి తింది. మూడో గ్లాసు నీళ్ళు తాగి, పెదవులు తుడుచుకుని, "చాలా బాగుందత్తయ్యా" అంది.

తొమ్మిదేళ్ళలో కోడలి నోట ఆ మాట రాలేదు. పెళ్ళయిన కొత్తలో కూడా రాలేదు.

శివపార్వతి ముద్ద దించి పక్క బల్ల వైపు చూసింది. ఇద్దరు నల్లకోటు ప్లీడర్లు. ఒకాయన పచ్చడి మొత్తం వేళ్ళతో ఆకు అంచుకి నెట్టేసి, పైన ఆకు చివర మడిచాడు. ఆ పక్కాయన ఆకులోనూ పచ్చడి కుప్ప కదలకుండా ఉంది. తొట్టిలో పడే ఆకులు ఎలా ఉండబోతున్నాయో చూడక్కర్లేకుండానే తెలిసింది.

"అమ్మా, నీకు తెలియడం లేదా?" అన్నాడు కోటేశ్వరరావు.

ఆవిడ పక్క వరుసలో పచ్చడి గిన్నెతో వెళుతున్న మనిషిని పిలిచింది. "వెంకటప్పయ్యా, ఇంక అది ఎవరికీ వెయ్యకు. లోపల పెట్టెయ్."

అతను ఏమిటని అడగబోయి, బల్ల మీది ఆకులు చూసి, గిన్నె మీద మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"పొద్దున ఉప్మా అప్పుడే చెప్పొచ్చుగా అత్తయ్యా" అంది రామతులసి.

"చెబితే ఏం చేసేదానివి?"

"నోరు మూసుకుని తినేదాన్ని."

"అందుకే చెప్పలేదు. ఉప్పు లేదని నువ్వు నాతో పోట్లాడుతున్నంత కాలం నేను బాగానే ఉన్నానని అనుకున్నాను."

మనోజ్ఞ ఒకరి తరవాత ఒకరి మొహాలు చూస్తోంది. శివపార్వతి ఎడమచేత్తో దాని గౌను భుజం సర్దింది. తరవాత ముగ్గురికీ వినబడేలా, ఆ హాల్లో ఎన్నడూ మాట్లాడనంత గట్టిగా అంది.

"రేపట్నించి నేను పనిలోకి రాను. వెళ్ళేటప్పుడు వెంకటకృష్ణారావుగారికి నేనే చెబుతాను. మీరెవరూ మాట్లాడకండి."

పెరుగు వచ్చింది. కోటేశ్వరరావు కలుపుకోవడం మొదలుపెట్టాడు.

ఆవిడ కూర్చున్న చోటి నుంచి వంటింటి గుమ్మం, దాని లోంచి అవతల పెరటి గుమ్మం దగ్గర రోలు, రోలు పక్కన మూత తీసిన జాడీ కనిపిస్తున్నాయి. తెల్లటి మెత్తటి ఉప్పులో చిప్ప సగం దాకా దిగి ఉంది, లోపలి గీత కనబడకుండా.