నమ్మేలా చెప్పాలి

ఆఫీసులో అతన్ని కన్నీళ్ళ మాస్టారు అనేవాళ్ళు. అతను రాసిన ప్రకటన చూసి కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు, ఆ తర్వాత జేబులో చెయ్యి పెట్టనివాళ్ళూ లేరు. అతని పద్ధతి ఒకటే. గొంతు ఇచ్చేవాళ్ళకి కాగితం ఇవ్వడు. ఎదురుగా కూర్చోబెట్టి, ఆ మాట వాళ్ళ సొంత కథ అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పిస్తాడు.

ఒకసారి షుగరుకి ఏదో చేదు పొడి అమ్మిపెట్టాల్సి వచ్చింది. భయపెట్టడానికి మంచాన పడ్డ తండ్రి బొమ్మ, నమ్మించడానికి తెల్లకోటు తొడుక్కున్న నటుడు, "ఊరంతా ఇదే వాడుతోంది" అన్న వరస, అన్నీ సిద్ధం. సాక్ష్యం చెప్పే ఆడమనిషే కుదరలేదు. అద్దె ఏడుపులు అతనికి నచ్చి చావవు. చివరికి సొంత అక్కను పట్టుకొచ్చాడు. ఆమెకు నిజంగానే షుగరు, పైగా బుద్ధెరిగాక అబద్ధమాడి ఎరగదు. తమ్ముడి ఉద్యోగం కదా అని ఒప్పుకుంది. మాత్రలు మానేశానని, ఈ పొడే తనను నిలబెట్టిందని చెప్పింది. స్టూడియోలో అందరి కళ్ళూ చెమర్చాయి. ఇంటికెళ్ళి ఎప్పటిలాగే మాత్ర వేసుకుంది.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! టీవీలో ఆ గొంతు విని వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిజమేనా అని అడగసాగారు. కాదంటే తమ్ముడి పరువు పోతుంది, అవునంటే అబద్ధమాడిన పాపానికి తన కళ్ళు పోతాయని ఆమె భయం. పాపం, ఆ పిచ్చి మనిషి ఏం చేసిందో తెలుసా? చెప్పిన మాట అబద్ధం కాకూడదని నిజంగానే మాత్రలు మానేసింది.

పాదం మీది పుండు నల్లబడేదాకా తమ్ముడికి తెలియలేదు. కాలు తీసేయాలి, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. అక్క సంతకం పెట్టనంది. తన మాట విని పక్కింటి టైలరమ్మ కూడా మాత్రలు మానేసిందట. ఆవిడ మొహం చూసి చెప్పే ధైర్యం తనకు లేదట.

"నువ్వెళ్ళి నిజం చెప్పరా. ఆవిడ మాత్ర వేసుకుందంటేనే నేను సంతకం పెడతా."

పరుగున వెళ్ళాడు. టైలరమ్మ మిషను ఆపకుండానే వింది. అంతా తన కల్పనేనన్నాడు, భయపెట్టాడు, బతిమాలాడు. ఇన్నేళ్ళుగా అబద్ధాలు అమ్మినవాడికి ఒక్క నిజం అమ్మడం చేతకాలేదు. అక్క కాలు సంగతి చెబితే, వయసన్నాక ఏదో ఒకటి వస్తుందని ఆవిడ కొట్టిపారేసింది.

"మీరు డబ్బుకి మాట్లాడే మనిషి బాబూ. మీ అక్క అలాంటిది కాదు."

ఆసుపత్రి మెట్లెక్కుతూ, చెప్పబోయేది తనకే నమ్మకం కలిగేదాకా చెప్పుకున్నాడు.

"నా ఎదురుగానే వేసుకుంది అక్కా. నీళ్ళు కూడా నేనే ఇచ్చాను."

అక్క మొహం తేటపడింది. సంతకం పెట్టింది.

కాలు పోయింది, ప్రాణం దక్కింది. టైలరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలని రోజూ అనుకున్నాడు. ఆసుపత్రి తిరుగుళ్ళలో పడి, నిజానికి భయపడి, వెళ్ళలేదు. చక్రాల కుర్చీలో అక్కను ఇంటికి తెచ్చిన రోజు టైలరమ్మ కూతురు బయటికొచ్చింది. అమ్మ పోయి వారమైందని, చివరిదాకా ఆ పొడే తాగిందని చెప్పింది.

అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"నీళ్ళు కూడా ఇచ్చానన్నావు కదరా."

చక్రాలు తనే తిప్పుకుంటూ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.