సగం ఊడ్చిన నేల

మా గుట్టల్లో ఇప్పచెట్లు ఎవరి చేనులోనో ఉండవు, అడవిలోనే ఉంటాయి. పువ్వు రాలే ముందు ఏ చెట్టు కింద ఎవరు ఆకులు ఊడ్చి నేల శుభ్రం చేస్తారో, ఆ ఏటికి ఆ పువ్వు వాళ్లది. ఒకరు ఊడ్చిన నేల మీద ఇంకొకరు చెయ్యి పెట్టరు.

ఎనభై ఆరులో మేడారం జాతర అయిపోయాక, పిల్లను వీపున కట్టుకుని గుట్ట మీద మేము ఏటా ఊడ్చే రెండు చెట్ల కిందా ఊడ్చాను. అంతకుముందు రెండేళ్లు వానలు సరిగా లేవు. ఆ ఏడు మాత్రం రాకూడని వేళ మబ్బు కమ్మి వాన కొట్టింది. మొగ్గలన్నీ నల్లబడి, కాడలతో సహా రాలిపోయాయి.

కొత్త పంట చేతికొచ్చేదాకా, వానాకాలమంతా మేము ఉడకబెట్టుకుని తినేది ఎండిన ఇప్పపువ్వే. అది లేకపోతే పొయ్యి మీద ఏం పెట్టాలి?

మా ఆయన యాకయ్య తొర్రూరు దిక్కు మిరప తోటలకు కూలీలను తీసుకుపోయే మేస్త్రీతో మాట్లాడి వచ్చాడు.

“రేపు పొద్దుగాల లారీ వస్తది. ఇద్దరం పోదాం.”

“మరి పిల్ల?”

“పిల్లను గూడ తీస్కపోదాం. అందరు తీస్కపోతలేరా?”

తీసుకుపోతారు. పోయిన ఏడు మా పక్కింటి కమల కొడుకును గట్టు మీద పడుకోబెట్టి కాయలు ఏరింది. వాడికి వడదెబ్బ తగిలింది. దవాఖానకు ఎత్తుకుని ఉరికిందట. గుట్టకు ఒక్కతే తిరిగొచ్చింది. నా బిడ్డకు ఇంకా కూర్చోవడమే రాలేదు.

ఆ సాయంత్రం పిల్లను వీపున కట్టుకుని నీళ్లకని వాగుకు దిగాను. వాగు ఒడ్డున, వరసకు నాకు అత్త అయ్యే సమ్మమ్మ ఊడ్చుకునే ఇప్పచెట్టు ఉంది. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, ఉన్నది ఆ ఒక్క చెట్టే. దానికి మొగ్గ ఆలస్యంగా రావడం వల్ల వాన దెబ్బ తప్పింది. అత్త కొమ్మలతో కట్టిన చీపురు పక్కన పెట్టి కూర్చుంది. చెట్టుకు ఒక వైపు నేల అద్దంలా ఉంది. రెండో వైపు ఆకులు చీలమండ దాకా ఉన్నాయి.

“అత్తా, ఇటు ఇడిసిపెట్టినవేంది?”

“నడుం పట్టిందే. నాతోని గాదు.”

అంటూనే లేచి, పక్కనున్న కట్టెల మోపును ఒక్క ఊపున నెత్తికెత్తుకుంది.

“రేపు ఊడుస్తవా మరి?”

“ఊడ్వ. ఆ దిక్కు ఎలుగొడ్డుకు ఇడిసిపెట్టిన.”

“ఎలుగొడ్డుకు పెట్టేటంత ఉన్నదా నీకు?”

“లేదు. గందుకే సగమే పెట్టిన.” రెండడుగులు వేసి ఆగింది. “ఆ పిల్ల తల మీద జర కొంగు కప్పు, ఎండ ఇంకా దిగలే. చీపురు ఆడ్నే ఉన్నది.”

ఆమె వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

సగం చెట్టుతో ఆమెకు వానాకాలం గడవదు, నాకూ గడవదు. వెనకే పోయి వద్దని చెబుదామనుకున్నాను. పిల్ల వీపు మీద మూలిగింది. వంగి చీపురు అందుకున్నాను.

పొద్దు వాలుతుండగా యాకయ్య నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

“మూట గట్టుకోమంటే ఈడేం జేత్తానవే?”

“నువ్వు పో. నేను, పిల్ల రాం.”

“సగం చెట్టుతోని ఎల్తదా?”

“ఎల్లది. నువ్వు కొంత తే, నేను కొంత ఏరుత. ముగ్గురం తిందాం, అత్తతోని నలుగురం.”

“మేస్త్రికి ఇద్దరం వస్తమని జెప్పిన. ఇప్పుడు ఏమని జెప్పాలె?”

“మా ఆడామెకు ఊడ్చే పని ఉన్నదని చెప్పు.”

యాకయ్య తలెత్తి కొమ్మల మీది మొగ్గలను చూశాడు. తర్వాత నా వీపు మీది ముడి విప్పి, పిల్లను చంకకెత్తుకున్నాడు. మిగిలిన మూలను చీకటి పడకముందే ఊడ్చేశాను.